సోవియట్ కథలో బడిపంతులు

సోషలిజం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సాహిత్య సభల్లో రెండు గొంతులు లేస్తాయి. ఆదర్శం గొప్పదే, ఆచరణలో ఎవరో కొందరు దాన్ని చెడగొట్టారంటుంది మొదటిది. ఆదర్శమే విషబీజం, ఆచరణ దాని పంట అంటుంది రెండోది. ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి శత్రువుగా చూసుకుంటాయి గాని, ఒక లోపం మాత్రం రెంటికీ ఉమ్మడి ఆస్తి. 1917 నుంచి 1991 దాకా డెబ్భైనాలుగేళ్ళు ఆ వ్యవస్థలో పుట్టి, చదువుకుని, పనిచేసి, చచ్చిపోయిన మనుషులతో ఈ ఇద్దరికీ పని లేదు. ఒకరికి సిద్ధాంతం కావాలి, మరొకరికి శవాల లెక్క కావాలి. మనిషి ఎవరికీ అక్కర్లేదు.

సాహిత్యానికి కావలసింది ఆ మనిషే. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్ అనే ఇంగ్లీషు రచయిత్రికి ఎంగెల్స్ రాసిన ఉత్తరాన్ని అభ్యుదయ విమర్శ ఏనాటి నుంచో గీటురాయిగా పెట్టుకుంది. బాల్జాక్ రాజభక్తుడే అయినా, తాను అభిమానించే వర్గం పతనాన్ని ఉన్నదున్నట్టు చిత్రించాడనీ, రచయిత అభిమానాల్ని కూడా కాదని పైకి వచ్చేదే వాస్తవికత అనీ ఆ ఉత్తరం సారాంశం. మన సంప్రదాయవాదుల నవలల్ని అంచనా కట్టేటప్పుడు ఈ సూత్రాన్ని ధారాళంగా వాడుకున్నాం. అదే సూత్రాన్ని సోవియట్ సాహిత్యానికి వాడటానికి మాత్రం సంకోచించాం. గీటురాయి అన్నాక అన్ని లోహాల్నీ దాని మీద గీసి చూడాలి. మనకి ప్రియమైన లోహాన్ని విడిగా పెట్టెలో దాచుకుంటే అది పరీక్ష అనిపించుకోదు.

ఈ వ్యాసంలో నేను తీసుకున్నది ఒకే ఒక పాత్ర: బడిపంతులు. నా వృత్తి అదే కావడం ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటుంది. ఏ రాజ్యమైనా పల్లెలోని పసిపిల్లవాణ్ణి తాకేది పంతులు చేత్తోనే. అతని జీతం రాజ్యానిది, అతని చేతిలో పుస్తకం రాజ్యానిది, అతని ముందు కూర్చున్న పిల్లలు మాత్రం ప్రజలవాళ్ళు. రాజ్యం చెప్పే మాటకీ ప్రజలు బతికే బతుక్కీ మధ్య దూరాన్ని రోజూ కాళ్ళతో కొలిచేవాడతను. దుదింత్సెవ్ నవల 'రొట్టె ఒక్కటే చాలదు' (1956), ఐత్మాతోవ్ కథ 'తొలి ఉపాధ్యాయుడు' (1962), సోల్జెనిత్సిన్ కథ 'మత్ర్యోనా ఇల్లు' (1963), ఐత్మాతోవ్ నవల 'నూరేళ్ళకన్న సుదీర్ఘమైన దినం' (1980) నా సాక్ష్యాలు. ఈ నాలుగూ దొంగతనంగా సరిహద్దులు దాటించిన రాతప్రతులు కావు. సోవియట్ పత్రికల్లో, అక్కడి సెన్సారు కళ్ళముందే అచ్చయినవి. కాబట్టి శత్రువుల ప్రచారమని తోసిపుచ్చే వీలు ఎవరికీ లేదు.

ముందుగా ఆదర్శం ఏమిటో, అది నిజంగా ఏం సాధించిందో చెప్పుకోవాలి. నిరక్షరాస్యత నిర్మూలన ఆజ్ఞాపత్రం మీద 1919 డిసెంబరులో లెనిన్ సంతకం చేసేనాటికి దేశం అంతర్యుద్ధంలో ఉంది, తిండికి కటకట. అటువంటి రోజుల్లో ఎనిమిదేళ్ళ వయసు నుంచి యాభై ఏళ్ళ దాకా చదవటం రానివాళ్ళందరూ చదువు నేర్చుకోవాలని ఆ ప్రభుత్వం శాసించింది. తొమ్మిది నుంచి నలభైతొమ్మిదేళ్ళ మధ్య వయసువాళ్ళలో అక్షరాస్యులు 1897 జనాభా లెక్కల్లో నూటికి 28 మంది. 1939 లెక్కల్లో 87 మంది. కిర్గిజ్ భాషలో మొదటి పత్రిక 'ఎర్కిన్ తో' వెలువడింది 1924 నవంబరు 7న. ఒక జాతికి తన భాషలో తన పత్రికని చదువుకునే రోజు అంతకుముందు రాలేదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఈనాటికీ పూర్తి అక్షరాస్యత సాధించని దేశంలో ఉన్న మనకి లేదు.

ఆ సాధన వెనకున్న మనిషే ఐత్మాతోవ్ సృష్టించిన దూయ్షేన్. 1924లో ఒక కిర్గిజ్ పల్లెకి వచ్చిన ఈ యువకుడికి చదువు సరిగా రాదు, కూడబలుక్కుని చదువుతాడు. గుట్ట మీద ఒక ధనికుడి పాత గుర్రపుసాలని సొంత చేతులతో అలికి బడి చేస్తాడు. చలికాలంలో గడ్డకట్టే వాగు నీళ్ళలో దిగి పిల్లల్ని వీపు మీద మోసి దాటిస్తాడు. గుర్రాల మీద పోయే సంపన్నులు అతన్ని చూసి పగలబడి నవ్వుతారు. తల్లీతండ్రీ లేని అల్తినాయ్ అనే పిల్లని పినతల్లి ఒక ముసలి మోతుబరికి రెండో భార్యగా అమ్మేస్తే, అడ్డుపడి చావుదెబ్బలు తింటాడు. మిలీషియాని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ పిల్లని విడిపించి, పట్నానికి చదువుకి పంపిస్తాడు. ఆ పిల్లే పెరిగి పెద్దదై అకడమీషియన్ అవుతుంది.

ఈ కథలో ప్రతినాయకులు కాస్త పలచన, అక్కడక్కడ కరుణరసం పొంగి పొర్లుతుంది. ఐనా దూయ్షేన్ పాత్ర బొమ్మలా నిలబడకుండా మనిషిలా నడిచింది. కారణం ఏమిటంటే, ఐత్మాతోవ్ ఆదర్శాన్ని దూయ్షేన్ ఉపన్యాసాల్లో పెట్టలేదు. పిల్లవాణ్ణి మోసే అతని వీపు మీద పెట్టాడు. అతను నేర్పిన పాఠం స్వల్పం. మీరు చదువుకోదగినవాళ్ళు అని ఆ పిల్లలకి కలిగించిన నమ్మకం అనల్పం.

మన పాఠకులు సాధారణంగా ఇక్కడితో ఆగి చప్పట్లు కొడతారు. కథ ఇక్కడ ఆగదు. ఆ పల్లెలో కొత్త బడి ప్రారంభోత్సవం జరుగుతుంది. అల్తినాయ్‌కి అగ్రాసనం వేస్తారు. విందులు, అభినందనలు. దూయ్షేన్ ఇప్పుడు ముసలివాడు, ఊరి తపాలా మోస్తున్నాడు. అభినందన తంతులు గుర్రం మీద తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్ళిపోతాడు, లోపలికి రాడు. వాడా పంతులు, వాడికే అక్షరాలు రావు అని లోపల కూర్చున్న పెద్దలు నవ్వుకుంటారు. 1924లో గుర్రాల మీద పోతూ నవ్విన నవ్వే ఇది. ఒక్కటే తేడా: ఈసారి నవ్వేవాళ్ళు అతను కట్టిన బడివల్ల పైకి వచ్చిన సమాజం. అల్తినాయ్ సిగ్గుతో తల వంచుకుని ఊరు విడిచిపోతుంది. శ్రామికుల రాజ్యమని పేరు పెట్టుకున్న చోట, తపాలా మోసేవాడు తాను పునాది వేసిన విందుకి పరాయివాడయ్యాడు. హోదానిబట్టి మనిషికి విలువకట్టే అలవాటు కొత్త దుస్తులు వేసుకుని తిరిగి వచ్చిందని ఐత్మాతోవ్ గొంతు పెంచకుండా చెప్పాడు.

ఈ రచయిత జీవితాన్ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. అతని తండ్రి తొరెకుల్ ఐత్మాతోవ్ కిర్గిజ్ కమ్యూనిస్టు నాయకుల్లో ఒకడు. 1937లో అరెస్టయ్యాడు, 1938లో కాల్చి చంపారు. ఎక్కడ పాతిపెట్టారో కుటుంబానికి తెలియదు. చోంగ్ తాష్ అనే చోట ఇటుకల బట్టీలో ఆ అస్థికలు బయటపడింది 1991లో. దూయ్షేన్‌ని అంత ప్రేమగా చిత్రించి 1963లో లెనిన్ బహుమతి అందుకున్న చెయ్యి, తండ్రి సమాధి ఎక్కడుందో తెలియని కొడుకు చెయ్యి. ఆదర్శమూ ఆచరణా రెండూ ఒకే ఇంటి గడపలోంచి వెళ్ళిన తీరు ఇది. తండ్రిని చంపిన రాజ్యమే తనకి చదువు చెప్పింది. ఈ రెండు నిజాల్లో ఏ ఒక్కటి దాచినా అది వాస్తవికత కాదు.

దుదింత్సెవ్ నవలలోని లొపాత్కిన్ కూడా మొదట బడిపంతులే, భౌతికశాస్త్రం చెప్పేవాడు. ఇనప గొట్టాలు పోతపోసే కొత్త యంత్రాన్ని కనిపెడతాడు. దేశానికి లాభం, ఖర్చు తక్కువ. పెట్టుబడిదారీ సమాజంలో ఐతే పోటీ కంపెనీ అడ్డుపడిందని రాస్తాం. ఇక్కడ అడ్డుపడేది ఎవరు? ఫాక్టరీ డైరెక్టరు ద్రొజ్దోవ్, అతని పైనున్న మంత్రిత్వశాఖ, వాళ్ళకి వంతపాడే ప్రొఫెసర్లు. ద్రొజ్దోవ్ లంచగొండి కాడు, సోమరి కాడు, రాత్రింబగళ్ళు పనిచేస్తాడు. దేశానికి భౌతిక సంపద సృష్టించేది తానేనని అతని నమ్మకం. లొపాత్కిన్‌ని అణచడానికి అతను ఎత్తే ఆయుధం ఏమిటో గమనించాలి: సమష్టి. నువ్వు ఒంటరివి, మేం సమష్టి, కాబట్టి నువ్వు తప్పు. సమష్టి శ్రేయస్సు కోసం పుట్టిన మాట సమష్టిని నడిపే అధికారి కుర్చీకి కాపలా కాస్తున్నది. చివరికి రాజ్య రహస్యం బయటపెట్టాడన్న నేరం మోపి లొపాత్కిన్‌ని శిబిరానికి పంపిస్తారు. తరవాత అతను విడుదలైనా, యంత్రం పనిచేసినా, ద్రొజ్దోవ్‌లు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు.

శిల్పరీత్యా ఈ నవల గొప్పది కాదు. పాత్రలు వాదాల్ని మోస్తాయి, సంభాషణలు సంపాదకీయాల్లా ఉంటాయి. కాని 1956 అక్టోబరులో మాస్కో రచయితల సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు జనం కిక్కిరిసి వచ్చారు. ద్రొజ్దోవ్‌లు ఒకరిద్దరు కారు, ఒక తెగగా తయారయ్యారని వృద్ధ రచయిత పావుస్తోవ్స్కీ అక్కడే లేచి చెప్పాడు. కొన్ని నెలలు తిరక్కుండానే నవల మీద అధికారిక ఖండనలు మొదలయ్యాయి. అదే సంవత్సరం ఫిబ్రవరి 25న పార్టీ ఇరవయ్యో మహాసభలో స్టాలిన్ తప్పుల్ని బయటపెట్టిన కృశ్చేవే ఈ ఖండనల్లో పాల్గొన్నాడు. పోయిన పాలకుణ్ణి విమర్శించడానికి అనుమతి ఉంది, ఉన్న పాలకవర్గాన్ని చిత్రించడానికి లేదు. వ్యక్తిపూజ ఒక్కటే రోగమైతే మందు వేశాక ద్రొజ్దోవ్ ఎందుకు బతికి ఉన్నాడు? దుదింత్సెవ్ లేవదీసిన ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరకలేదు.

'మత్ర్యోనా ఇల్లు' కథ చెప్పేవాడు లెక్కల మాస్టారు. శిబిరం, ప్రవాసం ముగించుకుని మారుమూల పల్లెలో ఉద్యోగం చూసుకుని, మత్ర్యోనా అనే ముసలామె ఇంట్లో అద్దెకుంటాడు. ఆమె పాతికేళ్ళు సమష్టి క్షేత్రంలో పనిచేసింది. ఆ పనికి కూలి డబ్బు కాదు, లెక్కల పుస్తకంలో గీతలు. ఇప్పుడు జబ్బుమనిషి, క్షేత్రం జాబితాలోంచి తీసేశారు, పింఛను లేదు. యుద్ధంలో పోయిన మొగుడి పేర వచ్చేదాని కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసు నుంచి ఆఫీసుకి నడుస్తుంది. చుట్టూ పీట్ గనులే ఉన్నా, పొయ్యిలోకి పీట్ కొనుక్కునే హక్కు ఊళ్ళో ఆడవాళ్ళకి లేదు. చీకట్లో సంచుల్లో దొంగిలించి తెచ్చుకుంటారు. జాబితాలో లేని మనిషిని పనికి పిలవడానికి మాత్రం అధ్యక్షుడి భార్య వస్తుంది, నీ పనిముట్టు నువ్వే తెచ్చుకో అంటుంది. సమష్టి రైతులకి పింఛన్లిచ్చే చట్టం 1964లో గాని రాలేదు. వాళ్ళకి అందరితోపాటు పాస్‌పోర్టులివ్వాలన్న నిర్ణయం 1974లో గాని జరగలేదు. రాజ్యచిహ్నం మీద సుత్తి పక్కనే కొడవలి ఉంది. కొడవలి పట్టినవాడికి ఊరు విడిచి స్వేచ్ఛగా వెళ్ళే కాగితం విప్లవం వచ్చిన యాభైయేడేళ్ళ దాకా లేదు.

ఈ కథలో ఉపాధ్యాయ లోకం చదవవలసిన చిన్న ఘట్టం ఒకటుంది. ఒక ముసలాయన వచ్చి తన కొడుక్కి లెక్కల్లో తక్కువ మార్కులు వెయ్యొద్దని బతిమాలతాడు. ఆ కుర్రవాడు ఎనిమిదో తరగతికి వచ్చాడు, భిన్నాలు రావు, త్రిభుజాలు తెలియవు. ఎలా వచ్చాడు? ఉత్తీర్ణతా శాతంలో జిల్లా పేరు నిలబెట్టడానికి బడి ఏటా అందర్నీ పైతరగతికి తోసేస్తోంది. ఆ సంగతి కుర్రవాడికీ తెలుసు, అందుకే చదవడు. ముప్ఫై ఏళ్ళ కింద దూయ్షేన్ అక్షరం కోసం వాగులో దిగాడు. ఇప్పుడు అక్షరం స్థానంలో శాతం కూర్చుంది. ఉత్పత్తిలో ఐనా విద్యలో ఐనా, పైవాడికి పంపే లెక్క ముఖ్యమై, కిందివాడికి జరిగే మేలు అప్రధానమైనప్పుడు జరిగేది ఇదే. పదో తరగతి ఫలితాల రోజున మన జిల్లాల మధ్య నడిచే పందెం చూసేవాళ్ళకి నేను ఇంకా విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ కథ అచ్చు చరిత్ర కూడా సాక్ష్యమే. రచయిత దీన్ని 1956లో జరిగినట్టు రాశాడు. 'నోవీ మిర్' పత్రికలో అచ్చయ్యేటప్పుడు ఆ సంవత్సరాన్ని 1953గా మార్చవలసి వచ్చింది. ఆకలి స్టాలిన్ కాలందైతే అచ్చెయ్యొచ్చు, కృశ్చేవ్ కాలందైతే కూడదు. సోల్జెనిత్సిన్ తరవాతి దృక్పథంతో నాకు ఏకీభావం లేదు. ధర్మాత్ములైన కొద్దిమంది పల్లెటూరివాళ్ళే లోకాన్ని నిలబెడతారనే మతభావన ఈ కథ ముగింపులోనే మొలకెత్తింది. అది చరిత్రకి పరిష్కారం కాదు. ఐతే బాల్జాక్ రాజభక్తిని పక్కకిపెట్టి అతని సాక్ష్యం తీసుకున్నవాళ్ళం, సోల్జెనిత్సిన్ విషయంలో మరో న్యాయం పాటించలేం. మార్క్సిస్టు విమర్శకుడు జార్జ్ లూకాచ్ 1964లో సోల్జెనిత్సిన్ నవలిక 'ఇవాన్ డెనిసొవిచ్ జీవితంలో ఒక రోజు'ని సోషలిస్టు వాస్తవికత తన ఉత్తమ సంప్రదాయానికి తిరిగి రావడంగా గుర్తించాడు. రచయిత రాజకీయాలకంటే రచన చెప్పిన నిజానికి విలువ ఇచ్చిన ఆ పద్ధతే మనకి ఆదర్శం.

నాలుగో పంతులు అబుతాలిప్. యుద్ధంలో జర్మన్లకి బందీగా చిక్కి, తప్పించుకుని, యుగోస్లావియా గెరిల్లాలతో కలిసి ఫాసిస్టుల మీద పోరాడినవాడు. బందీ అయినవాడు అనుమానితుడు కాబట్టి బడిలోంచి తీసేశారు. కజఖ్ ఎడారిలో ఒక రైలు జంక్షన్లో భార్యాపిల్లలతో తలదాచుకుని పట్టాల మీద కూలిపని చేస్తాడు. రాత్రిళ్ళు తన ఇద్దరు కొడుకుల కోసం జ్ఞాపకాలు రాసుకుంటాడు. తరగతి గది పోయినా పంతులు పోలేదు. మిగిలిన ఇద్దరు విద్యార్థుల కోసం పాఠం రాస్తున్నాడు. ఆ రాతలే నేరమవుతాయి. పట్టుకుపోతారు, చనిపోయాడని కబురు వస్తుంది. పై అనుమతి లేకుండా తండ్రి తన కొడుకులకి తన జీవితం చెప్పుకోవడం రాజ్యానికి ప్రమాదకరమైంది.

ఇదే నవలలో సబిత్జాన్ అనేవాడున్నాడు. ప్రభుత్వ వసతి పాఠశాలల్లో చదివినవాడు, పట్నంలో ఉద్యోగి. తండ్రిని పూర్వీకుల శ్మశానంలో పూడ్చే విషయంలో కూడా అతనికి పట్టింపు లేదు. మనుషుల్ని రేడియో తరంగాలతో పైనుంచి నడిపించే రోజు వస్తుందని మురిసిపోతాడు. తల మీద ఒంటె తోలు బిగించి జ్ఞాపకం పోగొట్టి, తల్లినే గుర్తుపట్టని బానిసగా మార్చిన 'మంకుర్త్' గాథని ఐత్మాతోవ్ ఈ నవలలో చెప్పింది ఇతని కోసమే. నవలలోని అంతరిక్ష కథాభాగం అతుకులబొంత అని నా అభిప్రాయం. కాని సబిత్జాన్ పాత్ర ఒక్కటి చాలు దీన్ని నిలబెట్టడానికి. దూయ్షేన్ పెట్టిన బడిలోంచి అల్తినాయ్ వచ్చింది. అదే బడి పెరిగి పెరిగి రాజ్యయంత్రంలో భాగమైనప్పుడు సబిత్జాన్ వచ్చాడు. పద్దెనిమిదేళ్ళ తేడాతో ఒకే రచయిత ఈ ఇద్దర్నీ రాశాడంటే, తన ఆదర్శాన్ని తానే మళ్ళీ తూచి చూసుకున్నాడన్నమాట. 1990లో ఈ నవలకి కలిపిన భాగంలో అబుతాలిప్ రైలు కింద పడి ప్రాణం తీసుకుంటాడు. పదేళ్ళ ముందు చెప్పని ముగింపు అది.

ఈ నలుగురు పంతుళ్ళనీ వరసగా నిలబెడితే ఒక సంగతి స్పష్టమవుతుంది. దూయ్షేన్ కిందినుంచి లేచాడు, రాజ్యం అతనికి అండగా వచ్చింది. లొపాత్కిన్ రాజ్యానికి అర్జీ పెట్టుకున్నాడు, రాజ్యం తలుపు మూసింది. లెక్కల మాస్టారు అంతా చూసి ఊరుకున్నాడు. అబుతాలిప్ కాగితం మీద తనలో తాను మాట్లాడుకున్నాడు, చచ్చిపోయాడు. చదువు పెరిగింది. ఆ చదువుతో అడిగే ప్రశ్న మాత్రం అంతకంతకూ నేరమైంది. అక్షరం ఇచ్చిన చెయ్యే నోరు నొక్కింది. నాకు అర్థమైనంతవరకు ఆదర్శానికీ ఆచరణకీ మధ్య అగాధం తవ్విన పార ఇదే. ఉత్పత్తి సాధనాలు ప్రజలవని కాగితం మీద రాశారు. వాటిని నడిపేవాణ్ణి నిలదీసే హక్కు ప్రజల చేతిలో పెట్టలేదు. హక్కు లేని యాజమాన్యం ద్రొజ్దోవ్ పాలవుతుంది. ఈ ప్రమాదాన్ని మొదట పసిగట్టింది పెట్టుబడిదారీ పండితులు కారు. రష్యా విప్లవాన్ని ఆహ్వానిస్తూనే, భిన్నంగా ఆలోచించేవాడికి లేని స్వేచ్ఛ స్వేచ్ఛే కాదని 1918లో జర్మనీ జైల్లో కూర్చుని హెచ్చరించింది రోజా లక్సెంబర్గ్.

ఇటువంటి విమర్శ శత్రువు చేతికి కత్తి ఇవ్వడం కాదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. శత్రువు చేతిలో ఆ కత్తి ఎప్పటినుంచో ఉంది. మనం నోరు మూసుకున్నందువల్ల దాని పదును తగ్గలేదు, మన మాట మీద నమ్మకం తగ్గింది. రెండో పక్షంవాళ్ళకి కూడా ఈ పుస్తకాలు ఉపయోగపడవు. మత్ర్యోనాకి పింఛను లేకపోవడం మనకి అన్యాయంగా తోస్తున్నదంటే, పనిచేసిన ప్రతి మనిషికీ ముసలితనంలో అన్నం హక్కు అనే కొలతతో చూస్తున్నాం కాబట్టే. ఆ కొలత ఎక్కడిది? సోషలిస్టు ఆదర్శానిదే. ఆ కొలత తప్పంటే మత్ర్యోనా గురించి బాధపడే అర్హత కూడా పోతుంది, మన వ్యవసాయ కూలీ గురించి అడిగే నోరూ పోతుంది.

మన సంగతి కూడా కొంత చెప్పాలి. మాస్కో ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు రెండు మూడు తరాల పాఠకుల్ని తయారుచేశాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అక్కడికి వెళ్ళి అనువాదాలు చేశారు. ఆ రుణం తీరేది కాదు. కాని ఆ సంస్థలు పంపింది సోవియట్ సాహిత్యంలో ఒక భాగం మాత్రమే. 1974లో దేశంలోంచి వెళ్ళగొట్టిన రచయితని అవి తెలుగులో అచ్చువేసి పంపవు కదా. 1961లో రాతప్రతిని, కార్బన్ కాగితాలతో సహా, పోలీసులు పట్టుకుపోయిన గ్రాస్‌మన్ నవల 'జీవితమూ విధీ' సోవియట్ దేశంలోనే అచ్చయింది 1988లో. సమష్టి వ్యవసాయం రోజుల్ని చిత్రించిన ప్లతోనొవ్ 'పునాది గొయ్యి' అతను పోయిన ముప్ఫయ్యారేళ్ళకి, 1987లో అక్కడ వెలుగు చూసింది. 1991లో మాస్కో నుంచి పుస్తకాలు ఆగిపోయాక మనవాళ్ళ ఆసక్తి కూడా ఆగిపోయింది. సోవియట్ సాహిత్యమంటే ఈనాటికీ గోర్కీ 'అమ్మ' దగ్గర మొదలై అక్కడక్కడే తిరుగుతున్నాం.

సాహిత్య విద్యార్థులకి నేను కోరేది ఇది. ఈ నాలుగు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక రచన ఎవరికి లాభిస్తుంది అన్న ప్రశ్నని రెండోదిగా పెట్టుకోండి. అది నిజమేనా అన్నది మొదటిది. అనువాదం చెయ్యగలిగిన మిత్రులు మిగిలిపోయిన ఆ సగాన్ని తెలుగులోకి తీసుకురావాలి, సంఘాలు అచ్చువెయ్యాలి. ఆదర్శం పేరు చెప్పి పాలించేవాణ్ణి, ఎక్కడివాడైనా, అతని ఆదర్శంతోనే తూచవలసిన పని ఆ ఆదర్శాన్ని నమ్మినవాళ్ళది. మనం ఆ తక్కెడ పట్టుకోకపోతే ఎదుటివాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళు తూకంరాళ్ళు మార్చేస్తారు.